ఇంజన్ వినందే ఫిల్టర్ ఇవ్వని మనిషి

అప్పటికి మా పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. ఆదివారం పూట బన్నులకి పిండి కలిపి పెట్టి, అందులోకి అడవిపండ్లు తీద్దామని డీప్ ఫ్రీజర్ మూత ఎత్తాను. చేతికి తగలాల్సింది పండ్ల డబ్బా. తగిలింది లారీ ఆయిల్ ఫిల్టర్. దాని కింద ఇంకోటి. ఆ కింద కార్లకి వేసే చిన్నవి, మూస్ అనే పెద్ద దుప్పి మాంసం పొట్లాల మధ్య ఒకదాన్నొకటి ఆనుకుని హాయిగా పడుకుని ఉన్నాయి.

“కౌకో, ఇది తిండి పెట్టుకునే పెట్టె,” అన్నాను.

“అవి కొత్తవే,” అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా. “ఇంకా నూనె తగల్లేదు వాటికి.”

అదీ వరస. ఆ రోజు అరిచాను, మర్నాడు సణిగాను, మూడో రోజుకి పండ్ల డబ్బాని ఒక మూలకి నెట్టి ఊరుకున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆ పెట్టెలో పండ్ల వాటా తగ్గుతూ వచ్చింది, ఫిల్టర్ల వాటా పెరుగుతూ వచ్చింది. కాపురమంటే ఇంతే కాబోలు.

ఈ చలిదేశపు అడవుల మధ్య, కోర్పివారా కూడలిలో మాది బండ్ల విడిభాగాల కొట్టు. లోపలికి రాగానే ఒక పక్క కౌకో కౌంటరు, రెండో పక్క నా కాఫీ బల్లలు. కర్రలు తోలే లారీల వాళ్లు, పాల బండి మనిషి, కార్ల వాళ్లు, అందరూ మా దగ్గరికే వస్తారు. రాక ఎక్కడికి పోతారు? తరవాతి కొట్టుకి పోవాలంటే అడవంతా దాటాలి. వచ్చినవాళ్లు నా యాలకుల బన్ను కోసం వచ్చారో, కౌకో ఫిల్టర్ కోసం వచ్చారో నేనెప్పుడూ అడగలేదు. నాకు తెలుసు కాబట్టి.

ఫ్రీజర్ సంగతి చెప్తాను, లేకపోతే మా ఆయనకి పిచ్చి అనుకుంటారు. ఫిల్టర్ లోపల ఒక రబ్బరు రేకు ఉంటుంది. ఇంజన్ ఆపేశాక నూనె వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. వెచ్చటి కొట్లో ఏ ఫిల్టర్ తీసినా రబ్బరు మెత్తగానే ఉంటుంది, వచ్చిన మొదటి వారం కొత్తల్లుడిలాగా. దాని అసలు బుద్ధి చలిలో కదా తెలిసేది. అందుకని కౌకో ప్రతి రకంలోనూ ఒకటి తీసి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, పొద్దున్నే బొటనవేలితో ఆ రేకుని నొక్కి చూస్తాడు. వేలికి లొంగితే ఆ రకం అరలోకి. బిగుసుకుని ఎదురు తిరిగితే ఆ పెట్టె మొత్తం వచ్చిన బస్సులోనే వెనక్కి. డబ్బా మీద పులి బొమ్మ ఉన్నా, బంగారు అక్షరాలున్నా ఒక్కటే న్యాయం.

ఒకసారి పాదిరిగారు పట్నంలో బజారు కొట్లో చవగ్గా దొరికిందని ఒక ఫిల్టర్ తెచ్చి, బిగించి పెట్టమన్నాడు. కౌకో దాన్ని అరచేతిలో వేసుకుని బరువు చూశాడు. కన్నంలోంచి టార్చి వేసి కాగితం మడతలు చూశాడు. ఒకచోట గుంపుగా, ఒకచోట పలచగా ఉన్నాయట. మడతల చివర జిగురు చూసి నిట్టూర్చాడు.

“అన్ని కార్లకీ సరిపోతుందని రాసి ఉంది కదా, కౌకో,” అన్నాడు పాదిరిగారు.

“అన్ని కాళ్లకీ సరిపోయే బూటు నువ్వు కొంటావా?”

“చిన్న కారేగా. పైన దేవుడున్నాడు.”

“దేవుడు కాగితం మడతలు చూడడు. అది నా పని.”

పాదిరిగారు నవ్వి, తెచ్చిన ఫిల్టర్ని నా పూలకుండీ పక్కన వదిలేసి, కౌకో ఇచ్చింది వేయించుకుని వెళ్లాడు. లారీ వాడే నయం అంటాడు మా ఆయన. లారీ వాడికి ఇంజన్ అంటే రొట్టె అని తెలుసు. కారు వాడికి ఇంజన్ అంటే రేడియోకి ముందు వైపున ఉండే ఏదో సామాను. అందుకే సొంత కార్లకి ఫిల్టర్ ఇచ్చేటప్పుడు మరీ నిదానంగా ఎంచుతాడు.

ఇదంతా ఒక ఎత్తు, వినడం ఒక ఎత్తు. బండి కూత వినకుండా మా ఆయన ఎవ్వరికీ ఫిల్టర్ ఇవ్వడు. కావలసినవాళ్లు ముందురోజు సాయంత్రమే బండి తెచ్చి మా పెరట్లో వదిలి పోవాలి. చలికాలంలో ఇక్కడ ప్రతి బండికీ రాత్రి కరెంటు వైరు గుచ్చి ఇంజన్ వెచ్చగా ఉంచుతారు కదా, ఆ వైరు పీకి పారేస్తాడు. చల్లారిన ఇంజనే నిజం చెప్తుందట. పొద్దున్నే పెరట్లో బల్ల మీద కాఫీ పట్టుకుని కూర్చుని, “ఊఁ, తిప్పు,” అంటాడు. ఇంజన్ లేవగానే కాసేపు టకటకమని ఊరుకుంటే, రాత్రి నూనె కిందికి జారిపోయిందన్నమాట, ఫిల్టర్ మార్చాలి. ఆ టకటక ఆగాక కూడా కింద సన్నగా గాజు చప్పుడులాంటిది ఏదైనా మిగిలితే, అది ఫిల్టర్ గొడవ కాదు, బేరింగు అరిగిపోతోందని. అప్పుడు పాత ఫిల్టర్ని డబ్బా కోసే కటరుతో కోసి, లోపలి కాగితం పరిచి, నూనె పిండి, అందులో లోహపు పొడి ఏమైనా మెరుస్తోందేమో వెతుకుతాడు. పరవడానికి వెడల్పాటి పళ్ళెం కావాలి. వెడల్పాటి పళ్ళెం ఎవరి దగ్గరుంటుంది? నా దగ్గర. బన్నులు కాల్చే పళ్ళెం. దాని గురించి మా ఇంట్లో జరిగిన యుద్ధాలు చెప్పాలంటే ఈ కథ చాలదు.

నేను ఆయనకి పరిచయమైంది కూడా అలాగే. నా చిన్న కారుకి ఫిల్టర్ కావాలని వస్తే రాత్రికి వదిలి పొమ్మన్నాడు. తిట్టుకుంటూ సైకిలు మీద ఇంటికి పోయాను. పొద్దున వచ్చి తాళం తిప్పితే, చాలాసేపు విని, “బాగుంది,” అన్నాడు. ఇంజన్ని చూసి అనలేదు, నన్ను చూసి అన్నాడు. ఇంతవరకూ ఆయన నోటంట నేను విన్న ప్రేమ మాట అదొక్కటే. ఇంకోటి వస్తుందని ఎదురుచూడటం మానేసి చాలా కాలమైంది.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. వయసులో ఉన్నప్పుడు కౌకో కూడా కర్రల లారీ తోలాడు, సొంత లారీ. ఒక జనవరిలో, గడ్డకట్టిన సరస్సు మీది దారిలో, ఫిల్టర్లో జిగురు చలికి విడిపోయి, కాగితం ముక్కలై నూనె దారికి అడ్డం పడింది. ఇంజన్ అక్కడికక్కడే పట్టేసింది. మంచు మీద నడిచి ఒడ్డుకి వచ్చాడు. ఆ లారీ మళ్ళీ లేవలేదు. తను కూడా మళ్ళీ లారీ ఎక్కలేదు, కొట్టు పెట్టాడు. ఈ సంగతి నాకు తను చెప్పలేదు, వాళ్ల అమ్మ చెప్పింది.

ఇక మిర్కా దగ్గరికి వస్తాను. సరస్సు అవతలి ఊరి పిల్ల, ముప్ఫై దాటి ఉంటుంది. వాళ్ల నాన్న లారీ డ్రైవరుగానే బతికి, పోయాడు. మొన్న నవంబరులో, పలచగా మంచు పడుతున్న సాయంత్రం, ఒక పాత కర్రల లారీని మా పెరట్లో తిప్పి నిలబెట్టి కిందికి దూకింది.

“కౌకోకి వినిపించకుండా ఏ బండీ అడవికి తీసుకుపోవద్దని మా నాన్న చెప్పేవాడు,” అంది. “వినిపించడానికి తెచ్చాను. ఫిల్టర్ కూడా కావాలి.”

“ఎప్పుడు పని?” అన్నాడు కౌకో, కాస్త వంగి.

“దారి గడ్డకట్టగానే. ఎల్లుండి మొదటి లోడు. ఈ చలికాలం అంతా ఆ అడవి కర్రలు తోలే పని నాదే, మొదటి వారం బండి ఆగకపోతే. ఆగితే ఇంకొకళ్లకి ఇచ్చేస్తాం అని కంపెనీ వాళ్లు ముందే చెప్పారు.”

నాయనమ్మ ఇచ్చిన అడవి ముక్క అమ్మి ఆ లారీ కొందట. చెప్తూ చక్రం మీద చెయ్యి వేసింది. నాకు ఆ పిల్ల వెంటనే నచ్చింది. బన్ను పెట్టాను. రెండోది అడక్కుండానే తీసుకుంది, ఇంకా నచ్చింది.

పొద్దున్నే చలి బాగానే బిగించింది. కౌకో బల్ల మీద కూర్చున్నాడు. నేను వంటింటి కిటికీ కాస్త తెరిచి పిండి పిసుకుతున్నాను. లోపల బల్ల దగ్గర ఇద్దరున్నారు: కర్రల లారీ ఉర్హో, రోడ్డుకి అవతల మెకానిక్ షెడ్డు ఉన్న ఆర్మాస్. మిర్కా ఎక్కి తాళం తిప్పింది. ఇంజన్ దగ్గి లేచింది. టకటకమంది, ఆగింది. ఆగాక కింద సన్నగా ఇంకేదో ఉంది. యాక్సిలరేటరు తొక్కి వదిలినప్పుడల్లా స్పష్టంగా, చెంచాతో గాజుగ్లాసు తడుతున్నట్టు.

నేను పిండి చేతులతో అలాగే నిలబడ్డాను. ఇప్పుడు కౌకో చెయ్యెత్తి ఆపమంటాడు, నా పళ్ళెం అడుగుతాడు, నేను తిడతాను అనుకున్నాను.

కౌకో కాఫీ తాగి, తల ఊపాడు. “శుభ్రంగా ఉంది. ఫిల్టర్ మార్చుకుని బయల్దేరు.”

మిర్కా మొహం వెలిగిపోయింది. ఇద్దరూ కలిసి పాత ఫిల్టర్ ఊడదీశారు. కౌకో దాన్ని లోపలికి తెచ్చి, కోయకుండా చెత్తబుట్టలో వేసి, అరలోంచి మంచిది ఎంచుకుని మళ్ళీ బయటికి పోయాడు. నేను పొరపాటు పడ్డానా? ఇన్నేళ్లు ఇంజన్లు విన్నది ఆయన, నేను విన్నది పొయ్యి. అయినా మనసు ఊరుకోలేదు. బల్ల వైపు చూశాను. ఉర్హో, ఆర్మాస్ ఇద్దరూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కప్పుల్లోకి చూస్తున్నారు. మరీ అంత శ్రద్ధగా చూడ్డానికి కప్పుల్లో ఏముంది?

“ఉర్హో, ఇప్పుడు నీకేం వినపడింది?”

“లారీ.”

“లారీ అని నాకూ తెలుసు. లారీలో ఏం వినపడింది?”

ఉర్హో మీసం దువ్వుకున్నాడు. “సన్నగా ఏదో ఉంది.”

“ఆర్మాస్, నీకో?”

“ఉంది,” అన్నాడు ఆర్మాస్. “బేరింగే.”

“మరి కౌకోకి?”

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. చివరికి ఆర్మాస్ అన్నాడు, “పోయిన చలికాలం నుంచి తనకి సన్న చప్పుళ్లు అందట్లేదు, హెల్వి.”

పిండి చేతులతోనే వాళ్ల బల్ల దగ్గరికి వచ్చాను. “ఎవరెవరికి తెలుసు?”

“అందరికీ.”

“పాదిరిగారికి?”

“ఆయనే ముందు కనిపెట్టాడు. చర్చిలో పాట అయిపోయి అందరూ కూర్చున్నా కౌకో పాడుతూనే ఉన్నాడట.”

“మరి నాకెందుకు చెప్పలేదు ఒక్కరూ?”

“నువ్వు అడగలేదు కదా,” అన్నాడు ఉర్హో.

నోట్లో నువ్వు గింజ నానదని కొందరిని అంటారు. మా ఊళ్లో అందరి నోళ్లలోనూ గింజలు నిక్షేపంగా నానుతాయి, నాని మొక్కలు కూడా మొలుస్తాయి, నోరు మాత్రం తెరుచుకోదు. మనిషి రోజంతా కలిపి గుప్పెడు మాటలు ఆడే చోట, ఒకడికి చెవుడు వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఏడాదిగా నేను పిలిస్తే పలక్కపోవడం ఎక్కువైంది, నిజమే. మొగుడు పలక్కపోతే చెవుడని ఏ ఆడది అనుకుంటుంది? మొగుడు కాబట్టే పలకట్లేదు అనుకుంటుంది.

“మరి మీ బండ్లు ఎలా నడుస్తున్నాయి ఇన్నాళ్లూ?” అన్నాను.

“ఇంటి దగ్గర మేమే విని వస్తాం,” అన్నాడు ఉర్హో. “ఇక్కడికొచ్చి ఊరికే కూర్చుంటాం. ఫిల్టర్ మాత్రం కౌకో ఏదిచ్చినా బంగారంలాంటిదే ఇస్తాడు. చెవి మాది, ఫిల్టర్ తనది. ఎవరికీ నష్టం లేదు.”

“మిర్కాకి తెలుసా ఈ ఏర్పాటు?”

ఇద్దరూ మళ్ళీ కప్పుల్లోకి చూశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల నాయనమ్మ అడవి అమ్ముకుని కొన్న బండి, కళ్ల ముందు ఇంజన్ పోగొట్టుకోవడానికి పోతుంటే, మర్యాద పేరు చెప్పి కాఫీ తాగుతున్నారు ఈ పెద్దమనుషులు.

“మీ మర్యాద మంట్లో పెట్టుకోండి,” అని, చెత్తబుట్టలోంచి ఆ ఫిల్టర్ తీశాను.

ఇన్నేళ్ల కాపురంలో ఇష్టం లేకపోయినా అబ్బిన విద్య అది. కటరు పెట్టి గుండ్రంగా కోశాను. నల్లటి నూనె నా బన్నుల పళ్ళెంలోకి, నేనే స్వయంగా, నా చేతులతో పోశాను. కాగితం విప్పి, పిండి, కిటికీ వెలుగులోకి వంచాను. మడతల నిండా సన్నగా మెరుస్తోంది, రాగి రంగులో. కౌకో అయస్కాంతం తెచ్చి మీద తిప్పాను. ఒక్క రేణువు కూడా అంటుకోలేదు. ఇనుమైతే అంటుకునేది. ఇది బేరింగు పొర.

కౌకో చేతులు కడుక్కోవడానికి లోపలికి వచ్చాడు. బయట మిర్కా ఇంజన్లో కొత్త నూనె పోసి, డబ్బాలు సర్దుతోంది.

“అది నీ బన్నుల పళ్ళెం కదా,” అన్నాడు ఆశ్చర్యంగా.

“అవును. చూడు.”

కళ్లద్దాలు పెట్టుకున్నాడు. టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, “ఎవరిది?” అన్నాడు.

నేను కిటికీ వైపు చూపించాను.

కౌకో టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి బల్ల మీద పెట్టాడు. “నాకేం వినపడలేదు,” అన్నాడు.

“తెలుసు.”

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“ఇప్పట్నుంచే. వీళ్లకి పోయిన చలికాలం నుంచి,” అన్నాను గొంతు పెంచి. బల్ల దగ్గర ఇద్దరూ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు.

కౌకో కళ్లద్దాలు తీశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఇంజన్లు ఈమధ్య అన్నీ మెత్తగా లేస్తున్నాయనుకున్నాను,” అన్నాడు మెల్లగా. “మంచి ఫిల్టర్లు వస్తున్నాయనుకున్నాను. సంతోషపడ్డాను కూడా.”

 ఆయన్ని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. “నువ్వు కూర్చో,” అన్నాను. “నూనెలో ఏదో తేడా ఉందని చెప్పి నేను ఆపుతాను. నీ మాట ఎత్తను.”

“వద్దు,” అని లేచాడు.

మిర్కా అప్పటికే ఇంజన్ నడుపుతూ, బండి ఎక్కి తలుపు వేసుకుంటోంది. కౌకో టోపీ కూడా పెట్టుకోకుండా పోయి లారీ ముందు నిలబడ్డాడు. ఆ పిల్ల అద్దం దించి తల బయటికి పెట్టింది.

“ఆపు,” అన్నాడు కౌకో. “బేరింగు పోతోంది.”

“బాగుందన్నావ్ కదా ఇందాక?”

“అన్నాను. వినపడక అన్నాను. నాకు చెవులు పోయాయి, మిర్కా. పోయాయని తెలీక, విన్నట్టు కూర్చున్నాను.”

చెవులు వినపడనివాళ్లు ఎప్పుడూ కాస్త గట్టిగానే మాట్లాడతారు. ఆ మాట రోడ్డు అవతలికి కూడా వినపడి ఉంటుంది. అక్కడి బంకులో పెట్రోలు పోసుకుంటున్న ఒకావిడ గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మిర్కా ఇంజన్ ఆపింది. “రేపు నాకు మొదటి లోడు, కౌకో. రేపు నేను కనపడకపోతే ఆ అడవి ఇంకెవరికో పోతుంది. నీ మాట మీద...” అంది.  చేతి తొడుగుతో కళ్లు తుడుచుకుంటే బుగ్గ మీద నల్లటి చార పడింది. కౌకో కదలకుండా నిలబడ్డాడు. ఏ తిట్టు పడినా తీసుకుందామని నిలబడ్డట్టుంది. ఆ పిల్ల తిట్టలేదు. నాకైతే తిడితేనే బాగుండుననిపించింది.

నా వెనక తలుపు తెరుచుకుంది. ఉర్హో మెట్లు దిగి లారీ దగ్గరికి వెళ్లాడు. “నేను విన్నాను,” అన్నాడు. “విని ఊరుకున్నాను. రేపటి లోడు నా బండి మీద నీ పేరున తోలతాను. ఎల్లుండిది కూడా. ఆపైన నా పని నాకుంది.” ఇన్ని మాటలు ఒక్కసారి అతని నోటంట రావడం వాళ్ల ఆవిడ కూడా విని ఉండదు. ఆర్మాస్ అయితే రోడ్డు దాటి తన షెడ్డు తలుపులు బార్లా తీశాడు.

సాయంత్రం బస్సులో పట్నం నుంచి బేరింగుల పెట్టె వచ్చింది. మర్నాడంతా ఆర్మాస్ లారీ కిందే ఉన్నాడు. ఇంజన్ కింది నూనె చాంబరు దించి పాత బేరింగు తీసి మిర్కా చేతిలో పెట్టాడు. మీది పొర అరిగి, రాగి బయటపడి ఉంది. “ఇంకొన్ని లోడ్లు తోలుంటే నీ ఇంజన్ గోడ పగిలి మధ్యలో కిటికీ పెట్టుకునుండేదానివి,” అన్నాడు. ఆర్మాస్ హాస్యం అలాగే ఉంటుంది. అయినా మిర్కా నవ్వింది.

కౌకో ఆ రోజంతా షెడ్డులో పానాలు అందిస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చాక కొత్త ఫిల్టర్ల పెట్టె విప్పలేదు, ఫ్రీజర్లో పెట్టలేదు. రాత్రి ఆవిరి స్నానాల గదిలో పక్కన కూర్చున్నప్పుడు, కాగిన రాళ్ల మీద నీళ్లు పోసి, “కొట్టు మూసేద్దామా?” అన్నాడు.

“ఎందుకు? బొటనవేలు బాగానే ఉందిగా నీకు,” అన్నాను, చెవి దగ్గరగా వెళ్లి.

“ఇంజన్ వినకుండా ఏ ఫిల్టర్ అని ఇవ్వను? రోగం తెలీకుండా మందు ఇచ్చినట్టే కదా.”

చెవి మిషన్ కోసం ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించాను. అది వసంతంలో వస్తుందట. వసంతానికి ఎవరి ఇంజన్ చల్లగా ఉంటుంది?

ఇక మిర్కా బయల్దేరాల్సిన పొద్దు వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆర్మాస్ ఇంజన్ ఒకసారి నడిపి చూసి, లారీని తెచ్చి మా పెరట్లోనే వదిలాడు. వైరు ఎవరూ గుచ్చలేదు. ఉర్హో తన మాట ప్రకారం రెండు రోజులూ లోడ్లు తోలాడు, ఇక తోలలేడు. అడవిలో కర్రలెత్తే మనిషి మిర్కా కోసం ఎదురుచూస్తున్నాడు. ఆలస్యమైతే ఇంతా చేసి వృథా.

కౌకో బయటికి రానన్నాడు. “నేనెందుకు? అలంకారానికా?”

“అలంకారానికి నువ్వేమంత అందంగా లేవు,” అని, చేతిలో కాఫీ పెట్టి, భుజం పట్టుకుని తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టాను. పక్కన నేనూ కూర్చున్నాను. ఉర్హో, ఆర్మాస్ కప్పులు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు.

మిర్కా తాళం తిప్పింది. ఇంజన్ లేచింది. టకటకమంది. ఆగింది. పొగ మంచు మీద పరుచుకుంది. యాక్సిలరేటరు తొక్కి వదిలింది, మళ్ళీ తొక్కి వదిలింది.

కౌకో ముందు ఉర్హోని చూశాడు. ఉర్హో అలవాటు చొప్పున కప్పులోకి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు మా ఆయన. “హెల్వీ, ఏం వినపడింది?” అన్నాడు, పెరడంతా వినపడేటట్టు.

“ముందు టకటకమంది. తర్వాత ఆగింది,” అన్నాను చెవి దగ్గర.

“ఆగాక కింద సన్నగా?”

“ఏమీ లేదు. శుభ్రంగా ఉంది.”

“సరిగ్గా విను. వదిలినప్పుడు?”

“వదిలినప్పుడు కూడా లేదు.”

ఊపిరి వదిలాడు. అంతటితో లేస్తాడనుకున్నాను. లేవలేదు. “టకటక ఎంతసేపుంది?”

“కాసేపు.”

“కాసేపంటే?”

“నువ్వు కాఫీ ఒక గుటక మింగేంత.”

“చిన్న గుటకా, పెద్దదా?”

“నీ గుటకే. మీసం తడిసేది.”

మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. కౌకో నవ్వలేదు. కప్పు నోటికి పెట్టుకుని ఒక గుటక నిదానంగా మింగాడు, కళ్లు మూసుకుని. తర్వాత, “చాలా ఎక్కువ,” అన్నాడు. “రాత్రి నూనె జారిపోయింది. ఆర్మాస్, ఏ ఫిల్టర్ వేశావ్?”

“బేరింగుల పెట్టెలో దాంతోపాటు వచ్చిందే,” అన్నాడు ఆర్మాస్.

“చలిలో పెట్టి నొక్కి చూశావా?”

“నా దగ్గర ఫ్రీజర్ ఎక్కడుంది?”

“మార్చాలి. రోజూ పొద్దున్నే ఇలా నూనె లేకుండా లేస్తే కొత్త బేరింగు కూడా అదే దారి,” అన్నాడు కౌకో. అనేశాక గుర్తొచ్చినట్టుంది. లారీ పైకి ఒకసారి చూసి, తల దించుకున్నాడు. మొన్న ఇదే బల్ల మీద కూర్చుని బాగుందన్న మనిషి. ఇవాళ పెళ్ళాం చెప్పిన గుటక పట్టుకుని, తొందరలో ఉన్న పిల్లని ఆగమంటున్నాడు. ఆమె పోతానంటే ఆపే హక్కు మాకు లేదు.

మిర్కా పైనుంచి మా ఇద్దరినీ చూసింది. అడవి దారి వైపు ఒకసారి చూసింది. తర్వాత ఇంజన్ ఆపింది. తలుపు తెరుచుకుని కిందికి దూకి, చేతి తొడుగులు వేసుకుంటూ వచ్చి బల్ల ముందు నిలబడింది.

“ఏది వెయ్యాలో నువ్వే తీసి ఇవ్వు, కౌకో,” అంది.

తల దించుకుని ఉన్నాడేమో, ఆ మాట మా ఆయనకి అందలేదు. నేను చెవి దగ్గరికి వంగి మళ్ళీ చెప్పాను.